వారాల పిల్లులు

పిల్లికి పేరు పెడితే మాయలో పడిపోతామని మా నాయనమ్మ నమ్మకం. గేదెకి పేరుండొచ్చు. అది పాలిస్తుంది, పిలిస్తే వస్తుంది. పిల్లి పిలిచినా రాదు, పాలివ్వకపోగా ఉన్నవి తాగిపోతుంది. అలాంటిదానికి పేరెందుకనేది. కానీ ఒకే ఇంట్లో అయిదారు పిల్లులు తిరుగుతున్నప్పుడు ఏది ఉట్టి మీదికి ఎగిరిందో, ఏది పొయ్యిలో బూడిద మీద పడుకుందో చెప్పుకోవడానికి ఏదో ఒక గుర్తు కావాలి గదా. అందుకని ఏ వారం నాడు మా గుమ్మం తొక్కితే ఆ వారమే దాని గుర్తు. మొదట వచ్చింది లక్ష్మారం. తర్వాత శనారం. ఆ తర్వాత మంగళారం, ఆదోరం. ఒక బుధవారం నాడు రెండు కలిసి వస్తే పెద్ద బుధారం, చిన్న బుధారం అయ్యాయి. సోమవారం నాడు మాత్రం ఏ పిల్లీ రాలేదు.

"ఇవి పేర్లు కాదు, గుర్తులు" అని గట్టిగా చెప్పేది నాయనమ్మ. చెప్పి, సాయంత్రం పెరుగన్నం చట్టి పట్టుకుని వసారాలో నిలబడి "లక్ష్మారం ఏదే, కనపళ్ళేదు పొద్దుటినుంచీ" అని నన్నే అడిగేది.

మా వీధి చివర ఒక పెద్దాయన ఉండేవాడు. చిన్నప్పుడు తెనాలిలో వారాలు చేసుకుని, రోజుకో ఇంట్లో తిని చదువుకున్న మనిషి. మా పిల్లుల పేర్లు విని పగలబడి నవ్వాడు. "వారాలు నాకు అన్నం పెట్టాయి, మీ పిల్లులకి పేర్లు పెట్టాయా" అన్నాడు. నిజానికి మా పిల్లులు కూడా వారాలు చేసుకునేవే. పొద్దున ఒకరింట్లో పాలు, మధ్యాహ్నం ఇంకొకరింట్లో చేపముళ్ళు. పడక మాత్రం మా ఇంట్లో.

నేను చెబుతున్నది 1986 నుంచి 92 దాకా, అంటే నాకు ఏడేళ్ళప్పటినుంచి పదమూడేళ్ళు వచ్చేదాకా జరిగిన సంగతులు. తెనాలికి అయిదు మైళ్ళలో, కాలువ గట్టు మీద మా ఊరు. సంక్రాంతి నాటికి నూర్పిళ్ళయి మా దొడ్లో మూడు వడ్ల పురులు లేచేవి. గడ్డితో పేనిన తాడు చుట్టూ చుట్టుకుంటూ, లోపల వడ్లు పోసుకుంటూ, పైన గడ్డి కప్పి కట్టేవాళ్ళు. ఎండలో బంగారం ముద్దల్లా ఉండేవి. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి అప్పుడప్పుడే మా చేలల్లోకి వస్తున్న రోజులు. మనుషులకంటే ముందు ఆ సన్నబియ్యం రుచి మరిగినవి ఎలుకలు. పురి కింద పందికొక్కులు తవ్వేవి, పైన ఎలుకలు కాపురం పెట్టేవి. పందికొక్కు జోలికి ఏ పిల్లీ పోయేది కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఎలుకల సంగతి మాత్రం చూసుకునేవి. ప్రేమకొద్దీ పెంచిన పిల్లులు కావవి. జీతం లేని పాలేళ్ళు.

మన సామెతల్లో పిల్లికి ఒక్క మంచి మాట లేదు, గమనించారా? పిసినిగొట్టువాడు పిల్లికి బిచ్చం పెట్టడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుంది. దాని శాపాలకు ఉట్లు తెగవు. దాని చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం. ఎదురొస్తే కాళ్ళు కడుక్కుని మళ్ళీ బయల్దేరాలి. ఒక్క వైష్ణవులే కాస్త మర్యాద చేశారు: దేవుడు భక్తుణ్ణి కాపాడే తీరుకి తల్లిపిల్లిని ఉపమానంగా తెచ్చుకున్నారు. కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుని ఉండాలి, పిల్లికూన ఊరికే వేలాడితే చాలు, తల్లే మెడ పట్టుకుని మోసుకుపోతుంది. మార్జాల కిశోర న్యాయం. ఆ మాట నాకు తర్వాతెప్పుడో తెలిసింది గానీ, దాన్ని కళ్ళారా చూపించింది లక్ష్మారం.

లక్ష్మారం మూడు రంగుల పిల్లి. తెలుపు మీద నలుపూ ఇటుకరంగూ మచ్చలు. అలాంటివి దాదాపు అన్నీ ఆడవే అయి ఉంటాయి. వచ్చేటప్పటికే దాని తోక సగమే ఉంది. ఎవరింటి తలుపుసందులోనో నలిగి పోయిందనుకుంటాను. మిగతా పిల్లులు తోక నిలబెట్టి కాళ్ళకు చుట్టుకుంటుంటే, ఇది ఆ మొండి తోకనే నిక్కించి వచ్చేది, చూస్తే నవ్వొచ్చేది. ఏడాదికి రెండు ఈతలు. ధాన్యం గదిలో చేట వెనకాల ఈనేది. కూనలు కళ్ళు తెరిచేలోగా మకాం మార్చేది: ధాన్యం గది నుంచి అటక మీదికి, అక్కణ్ణించి గడ్డివాములోకి, అక్కణ్ణించి పక్కింటి వంటచెరకు కొట్టంలోకి. ఏడిళ్ళు తిప్పుతుందంటారు, నేను లెక్కపెట్టినప్పుడు నాలుగే వచ్చాయి. ఒక ఈతలో మకాం మార్చే ముందే ఎక్కడిదో గండుపిల్లి వచ్చి రెండు కూనల్ని కొరికి చంపింది. అప్పటినుంచీ అది ఎందుకు తిప్పుతుందో ఎవర్నీ అడగలేదు నేను.

జబ్బు చేస్తే పిల్లికీ మాకూ ఒకటే వైద్యం. మా వంటింటి గూట్లో ఉన్నదే దానికీ. శనారం నల్లటి గండుపిల్లి, ఊళ్ళో గొడవలన్నీ దానివే. పిల్లి పన్ను సూదిలా ఉంటుంది. దిగిన చోట పైన చర్మం మర్నాటికే మూసుకుపోతుంది, లోపల చీము పడుతుంది. శనారం దవడ నెలకోసారి గచ్చకాయంత వాచేది. నాన్న దాన్ని గోనెసంచిలో చుట్టి, తల మాత్రం బయటికి పెట్టి, ఉప్పునీళ్ళతో కడిగి పసుపు అద్దేవాడు. నల్లపిల్లికి పసుపు బుగ్గ. పెళ్ళికొడుకులా ఉండేది. చిన్న బుధారానికి చెవుల అంచుల నుంచి గజ్జి పట్టి నుదురంతా పొలుసులు కడితే, గంధకం కొబ్బరినూనెలో కలిపి రాసింది అమ్మ. రాసినంతసేపు పట్టలేదు, అది నాకేసుకోవడానికి. తగ్గింది మాత్రం నెలకి. మందు వల్లో, దాని ఆయువు వల్లో.

వాటికి సొంత వైద్యం కూడా ఉండేది. గరిక తిని వాంతి చేసుకునేవి. ఇంకొకటి, ఇది చూడనివాళ్ళు నమ్మరు: కుప్పింటాకు. దొడ్లో గేదెల పాక పక్కన ఎక్కడపడితే అక్కడ మొలిచేది. మాకు దురదలొస్తే అమ్మ ఆ ఆకు నూరి ఉప్పు వేసి పట్టించేది. మొక్క పీకితే చాలు, ఎక్కడెక్కడి పిల్లులూ ప్రత్యక్షం. వాటికి ఆకుతో పని లేదు, వేరు కావాలి. వేరుని కరిచి, మొహానికి రుద్దుకుని, వెల్లకిలా పడి దొర్లేవి. మంగళారం పెద్దమనిషి తరహా పిల్లి, ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. అది కూడా నాలుగు కాళ్ళూ గాల్లో పెట్టి చొంగ కార్చుకుంటూ పొర్లుతుంటే నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. "కల్లు పాకలో కూచున్నట్టున్నారే అందరూ!" ఆ వేరులో పిల్లుల్ని మత్తెక్కించే గుణం ఉందని పుస్తకాల్లో కూడా రాశారు. మాకు మాత్రం అది వేసవి మధ్యాహ్నాల వినోదం. అన్నయ్యా నేనూ కావాలనే పీకేవాళ్ళం.

మొదట పోయింది శనారమే. 1988లో కార్తీకం దాటాక, వరి కోతకొచ్చే వేళ. చేలో ఎలుకలు వెన్నులు కొరికేస్తున్నాయని ఊళ్ళో రైతులంతా కూడబలుక్కుని ఒకేసారి మందు పెట్టారు. ఒక్క చేలో పెడితే పక్క చేలోకి పోతాయి కాబట్టి. నాన్న వసారాలో కూర్చుని కలపడం నేను చూశాను. మొదటి రెండు రోజులూ వట్టి నూకలే, వేరుశనగ నూనె పట్టించి, కన్నాల దగ్గర పెట్టారు. ఎలుకకి నమ్మకం కుదరాలి. మూడో రోజు అందులోనే నూటికి రెండు పాళ్ళు నల్లపొడి. జింక్ ఫాస్ఫైడ్. వెల్లుల్లి కుళ్ళిన వాసన వేస్తుంది. కడుపులోకి పోయాక అక్కడి పులుపుతో కలిసి విషపు గాలి అవుతుంది. నాన్న మూతికి తువ్వాలు కట్టుకుని, కర్రతో కలిపి, ఆ కర్రని కూడా పాతేశాడు. మమ్మల్నీ కోళ్ళనీ గడప దాటనివ్వలేదు. చేలో పొట్ట ఉబ్బి పడున్న ఎలుకని శనారం తింటుందని మాత్రం ఎవరికీ తట్టలేదు. మేము పిల్లుల్ని పెంచుతున్నదే అవి ఎలుకల్ని తింటాయని కదా!

పొద్దున బండి కింద పడుంది. నురగ, పొట్ట గట్టిగా. నాయనమ్మ చూసి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నాన్నతో అంది: "పిల్లిని చంపినవాడు బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమియ్యాలి."

"నేను పెట్టింది ఎలుకలకమ్మా."

"తిన్నది పిల్లిరా."

ఆ మర్నాడు పసుపుగుడ్డలో పదకొండు రూపాయలు మూటగట్టి, ముడుపని చెప్పి తన ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. కాశీకి పోయే యోగమూ, బంగారం కొనే యోగమూ రెండూ లేవని ఆవిడకి తెలుసు. ముడి మాత్రం వేసింది.

తర్వాత గాలివాన. 1990 మే 9. మా డెల్టాలో ఆ తేదీ చెబితే వయసుమళ్ళినవాళ్ళు ఎక్కడ తలదాచుకున్నదీ ఇప్పటికీ చెబుతారు. 77 ఉప్పెనని గుండెల్లో పెట్టుకున్న నాయనమ్మ రెండు రోజుల ముందే చద్దిమూటలు కట్టించింది. ఆ వేసవిలో లక్ష్మారం అటక మీద నాలుగు కూనల్ని పెట్టుకుని ఉంది. గాలి మొదలయ్యే ముందు రోజు మధ్యాహ్నం ఒక్కొక్కదాన్నీ మెడ పట్టి కిందికి దించి, ధాన్యం గదిలో గాదె వెనక పెట్టింది. దానికి ముందే తెలిసిందని నాయనమ్మ. మే నెల ఎండకి పెంకులు కాలి అటక మీద ఉండలేక దించిందని నాన్న. ఏమైతేనేం, గాలివాన రాత్రి అటక మీది పెంకులు సగం లేచిపోయాయి. తెల్లారేసరికి అరటితోటలు చాపల్లా పరుచుకుని ఉన్నాయి. గాదె వెనక నాలుగు కూనలూ పొడిగా, పాలు తాగుతూ ఉన్నాయి. నాయనమ్మ మొదటిసారి లక్ష్మారానికి గేదెపాలు, నీళ్ళు కలపనివి, గిన్నెలో పోసింది.

గాలివాన తర్వాత పంచాయతీవాళ్ళు ఇంటింటికీ బ్లీచింగ్ పౌడర్ పంచారు, బావుల్లో వేసుకోమని. మా పొట్లం వసారా కిటికీలో ఉండేది. దాని సంగతి మళ్ళీ చెబుతాను.

గూడు చెదిరిన జంతువులు ఊరంతా తిరుగుతున్నాయి. ఆ నెలాఖరులో ఒక పసుపుపచ్చ పిల్లి వచ్చింది. ఎముకల గూడు. శుక్రవారం. కాబట్టి శుక్రారం అన్నాం. అన్నం పెడితే ముట్టలేదు. నీళ్ళ చట్టి దగ్గర కూర్చుని తల నీళ్ళ మీదికి వేలాడేసింది. దాహమనుకున్నాం. గంటలు గడిచాయి, అలాగే ఉంది. మూతి నీళ్ళకి అంగుళం దూరంలో ఉంది, తాగదు, లేవదు. ఆదివారం పొద్దున చూసేసరికి చట్టి పక్కన బిగుసుకుపోయింది.

వారం తిరిగేసరికి కూనలు. అప్పటికి అవి అన్నం మెతుకులు నాకడం నేర్చుకుని, నా పరికిణీ కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడుతున్న వయసు. ఒక సాయంత్రం అన్నిటికంటే చురుకైన గోధుమరంగుది ఆట మధ్యలో ఆగిపోయింది. పచ్చటి నురగ కక్కుకుంది. రాత్రికి చెవులు చల్లబడ్డాయి. మర్నాడు పొద్దున ఆ చట్టి దగ్గరే, శుక్రారం కూర్చున్నట్టే, తల వేలాడేసి కూర్చుంది. నేను దూదిని పాలల్లో ముంచి పెదవుల మధ్య పిండితే పక్కనుంచి కారిపోయింది. మధ్యాహ్నానికి రెండోది వచ్చి దాని పక్కన కూర్చుంది. ఆ చట్టిని నాన్న తీసి దూరంగా పెడితే, రెండూ తూలుకుంటూ అక్కడికే నడిచి వెళ్ళాయి.

లక్ష్మారం వాటిని నాకుతూనే ఉంది. పోయినదాన్ని కూడా.

పక్క ఊళ్ళో పశువుల ఆసుపత్రి ఉంది. సైకిలు మీద వెళ్దామని నాన్నని చంపుకు తిన్నాను. గాలివానలో గేదెలు కొట్టుకుపోయినవాళ్ళూ, ఉన్నవాటికి గాలికుంటు వస్తుందేమోనని భయపడేవాళ్ళూ అక్కడ బారులు తీరి ఉన్నారు. నేను గంప పైగుడ్డ తీసి చూపించాను. అక్కడాయన మంచివాడే, విసుక్కోలేదు. "పిల్లికి మా దగ్గర మందుల్లేవు తల్లీ. ఉన్నవన్నీ గొడ్లవే" అన్నాడు. నాన్న దారంతా ఏమీ మాట్లాడలేదు. ఇల్లు చేరేలోగా గంపలో కదలిక ఆగింది.

పది రోజుల్లో నాలుగు కూనలూ, చిన్న బుధారం, ఏడాది వయసున్న ఆదోరం. అన్నయ్య నిమ్మచెట్టు కింద గుంటలు తవ్వేవాడు. ఉప్పు వేసి పూడ్చేవాళ్ళం. మూడోదానికి నేను ఏడవడం మానేశాను, అన్నయ్య మొదలుపెట్టాడు. పెద్దవి, లక్ష్మారం, పెద్ద బుధారం, మంగళారం, వీటికి ఏమీ కాలేదు. దిష్టి అన్నారు కొందరు. నిద్రలో పిల్లిని తొక్కి ఉంటారన్నారు ఇంకొకరు. చనిపోయిన శనారం ఉసురని నాయనమ్మ నోటితో అనలేదు గానీ, ట్రంకుపెట్టె తీసి ముడుపు ఉందో లేదో చూసుకోవడం నేను చూశాను.

తర్వాత ఇల్లంతా పేడనీళ్ళతో అలికించి, గచ్చు నేల ఉన్నచోట ఫినాయిలు చిక్కగా పోయించి కడిగించింది ఆవిడ. బాగా కడిగాం కదాని నమ్మకం. కార్తీకంలో లక్ష్మారం మళ్ళీ ఈనింది, మూడు కూనలు. రెండు నెలలు నిండకుండానే మూడూ ఆ చట్టి దగ్గరికే నడిచాయి. అప్పటికి చట్టి కూడా కొత్తదే.

ఆ ఈత కూనలకి నాయనమ్మ వారం కూడా పెట్టలేదు.

ఆ జబ్బుకి పాన్‌ల్యూకోపీనియా అని పేరనీ, కుక్కపిల్లలకొచ్చే పార్వోకి బంధువైన వైరస్ తెస్తుందనీ, ఒంట్లో తెల్లకణాలన్నిటినీ తుడిచేస్తుందనీ, అలా నీళ్ళ గిన్నె మీద తల వేలాడేయడం దాని గుర్తుల్లో ఒకటనీ పాతికేళ్ళ తర్వాత తెలిసింది. ఆ పురుగు నేలలో, గోనెసంచిలో, గచ్చు పగుళ్ళలో ఏడాది దాకా చావకుండా ఉండగలదు. ఒకసారి వచ్చి బతికి బయటపడ్డ పెద్ద పిల్లులకి మళ్ళీ రాదు. లక్ష్మారం వాళ్ళకి ఎప్పుడో చిన్నతనంలోనే వచ్చి పోయి ఉండాలి. ఫినాయిలు దాన్ని పెద్దగా ఏమీ చెయ్యలేదు. పైగా ఫినాయిలు తడిసిన గచ్చు మీద నడిచి పాదాలు నాకే పిల్లికి ఆ ఫినాయిలే చేటు. ఆ వైరస్‌ని చంపేది క్లోరిన్. అంటే వసారా కిటికీలో, గేదెల మందుచీటీ కింద, విప్పకుండా గడ్డకట్టిపోయిన ఆ పంచాయతీ పొట్లం.

ఇక చెప్పాల్సింది ఒక్కటే ఉంది. ఇంతసేపూ దానికి ముందున్నవి చెబుతూ ఆలస్యం చేశాను.

1992 జనవరి. చలిగాలులు. నాకు వారం రోజులు జ్వరం వచ్చి తగ్గింది. ఇంట్లో థర్మామీటరు కొత్తగా కొన్నారు, కనిపించిన ప్రతివాళ్ళకీ పెట్టి చూడటం నాకో పిచ్చి. అప్పుడే లక్ష్మారం తుమ్మడం మొదలెట్టింది. కళ్ళు పుసులు కట్టాయి, రెండు పూటలు తినలేదు. నా మంచం మీదే, కాళ్ళ దగ్గర పడుకుంది. అది ఆ ఇంటికి వచ్చి ఆరేళ్ళు. పిల్లల్ని పోగొట్టుకున్నాక నన్ను వదిలేది కాదు. నేను థర్మామీటరు దాని తొడసందులో పెట్టి, కదలకుండా పట్టుకున్నాను. నూరు దాటింది.

"అమ్మా, లక్ష్మారానికి జ్వరం! నూరు దాటింది!"

అమ్మ వచ్చి దాని చెవులు ముట్టుకుంది. వేడిగానే ఉన్నాయి. పిల్లి చెవులు మామూలుగానే కాస్త వేడిగా ఉంటాయి. గూట్లో నా జ్వరం మాత్రలు ఇంకా మిగిలున్నాయి. "పాపం, మనిషైతే ఏంటి, పిల్లయితే ఏంటి. సగం వేద్దాం, చిన్నప్రాణం" అంది. సగం బిళ్ళ నేనే నలిపాను. మీగడలో కలిపాను. అమ్మ చేత్తో పెడితే తల తిప్పుకుంది. నా వేలి మీద పెడితే నాకింది. గరుకు నాలుకతో, మొత్తం.

రాత్రి నిద్రలో దాని ఊపిరి చప్పుడు వినిపించింది. పొద్దున లేచేసరికి మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. ముందు పాదాలు వాచాయి. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు గులాబీరంగు పోయి మట్టిరంగులో ఉన్నాయి, కాఫీ డికాక్షన్ రంగు. జ్వరం ముదిరిందనుకున్నాం. ఇంకో సగం వేద్దామా అని కూడా అంది అమ్మ. అది మింగే స్థితిలో లేదు. నా ఒళ్ళో పెట్టుకుంటే గురగురలాడటం మొదలుపెట్టింది. గురగురలాడుతోందంటే బాగవుతోందని సంబరపడి అమ్మని కేకేశాను. బాధలో కూడా పిల్లి గురగురలాడుతుందని నాకెవరూ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆగిపోయింది. ఆరోజు మంగళవారం. కథల్లో అయితే లక్ష్మివారమే అయ్యేది.

నిమ్మచెట్టు కింద చోటు లేదు. కరివేపాకు చెట్టు దగ్గర పెట్టాం. "ఆ మాత్ర వేశాం కాబట్టి ఒక పూటన్నా నిలిచింది, లేకపోతే రాత్రే పోను" అంది అమ్మ. ఆ మాట ఆవిడ తర్వాత చాలాసార్లు, చాలామంది దగ్గర అంది.

2014లో హైదరాబాదులో మా అపార్టుమెంటు మెట్ల కింద దొరికిన రెండు కూనల్ని తీసుకుని పశువైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. టీకాలు వేసింది. నిమ్మచెట్టు కింద మేము పూడ్చిన జబ్బుకి కూడా ఆ టీకాలోనే విరుగుడు ఉంది. చీటీ రాస్తూ, అందరికీ చెప్పినట్టే చెప్పింది: "జ్వరమనిపించినా ఇంట్లో మాత్రలు వేయకండి. ముఖ్యంగా పారాసిటమాల్. సగం బిళ్ళ చాలు, పిల్లి దక్కదు."

"సగమా?" అన్నాను.

ఆవిడ ఓపిగ్గా వివరించింది. మన కాలేయం ఆ మందుని విరిచి బయటికి పంపడానికి వాడే ఒక ఎంజైము పిల్లికి ఉన్నా లేనట్టే. తరతరాలుగా మాంసమే తిన్న జాతి కాబట్టి ఆకుల్లో ఉండే విషాలని విరిచే పని దానికి పెద్దగా పడలేదు, ఆ జన్యువు చెడిపోయి ఊరుకుంది. విరగని మందు రక్తంలోకి దిగి ఎర్రకణాల్ని పాడుచేస్తుంది. రక్తం గోధుమరంగుకి తిరుగుతుంది, ప్రాణవాయువు మోయలేదు. మొహం, పాదాలు వాస్తాయి. చిగుళ్ళు మట్టిరంగు. ఆవిడ ఒక్కొక్కటే చెబుతుంటే నాకు ఆ మంచం, ఆ దుప్పటి పూలు కనిపించాయి. ఫినాయిలుతో ముప్పు కూడా ఆ లోపం వల్లేనట. గంటల్లో తీసుకొస్తే విరుగుడు ఉందంది. "అసలు పిల్లి ఒంటివేడి మామూలుగానే నూట ఒకటి, నూట రెండు ఉంటుంది. జనం మన లెక్కలో చూసి జ్వరమనుకుంటారు."

తుమ్ములూ, పుసులూ మామూలు పడిశమే అయి ఉంటుంది. వారంలో తగ్గిపోయేది.

అమ్మకి చెప్పలేదు. చెప్పి ఏం చెయ్యను? ఫోనులో నా పిల్లుల సంగతులడిగి, "అప్పట్లో లక్ష్మారానికి నువ్వు ఎంత చేశావే, జ్వరం చూసి మాత్ర కూడా వేశావు" అనేది. నేను ఊఁ కొట్టేదాన్ని.

నాయనమ్మ 1997లో పోయింది. ట్రంకుపెట్టెలో ఆ పసుపుగుడ్డ ముడి విప్పకుండా అలాగే ఉంది. 2019లో, నాన్న పోయిన మరుసటి ఏడు, ఊరివాళ్ళతో కలిసి అమ్మ కాశీ బయల్దేరింది. అత్తగారి మొక్కు తీర్చి రావాలంది. మొక్కు నాన్న తరఫున కూడా కదా. బంగారు పిల్లి చేయించే పని నాకు అప్పగించింది.

తెనాలిలో కంసాలి అద్దాల లోంచి నన్ను వింతగా చూశాడు. "పిల్లా? అచ్చు లేదమ్మా. నాగపడగ ఉంది, కళ్ళున్నాయి, ఆవూదూడా ఉంది. పిల్లినెవరూ అడగలేదు." రేకు మీద గీసి కత్తిరిస్తానన్నాడు. గీశాడు. కుందేలులా వచ్చింది. చెవులు తగ్గించి, తోక పెంచాక పిల్లి పోలిక కుదిరింది. గోరంత రేకు.

"ఒకటేనా?" అన్నాడు.

"రెండు చెయ్యండి" అన్నాను.

ప్రయాణం ముందు రోజు సాయంత్రం అమ్మ చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని, దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. "మొక్కు ఒక్కదానికే కదే. రెండోదెందుకు?"

"కాశీలో దానం జోడుగా ఇవ్వాలట" అన్నాను. అలాంటి ఆచారం నేనెక్కడా వినలేదు.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. పసుపుగుడ్డ విప్పి, ఆ పాత పదకొండు రూపాయల పక్కన రెండు రేకుల్నీ పెట్టింది. ముడి వేయబోతూ ఆగి, ఒకదాన్ని వేలితో పక్కకి జరిపింది.

"శనారానికి సరే," అంది. "లక్ష్మారానికి తోక సగమే కదే. ఇంత పొడుగు పెట్టించావేం?"